కల్చర్ రిపోర్టు చెప్పని సంగతి: సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో అంటు స్ట్రెయిన్లను పట్టుకోవడం ఎలా

సిస్టిక్ ఫైబ్రోసిస్ (పొట్టిగా సీఎఫ్, పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు) ఉన్న మనిషి కఫాన్ని కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి చూడటానికి, ల్యాబ్‌కు పంపితే రెండు మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. ‘సూడోమోనాస్ ఎరూజినోసా పెరిగింది’ అని ఒక వాక్యం, దాని కింద ఏ మందుకు లొంగుతుంది, ఏ మందుకు లొంగదు అనే పట్టిక. మందు మొదలుపెట్టడానికి అది చాలు. ఆ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆ కాగితంలో ఉండదు. ఇంట్లో సింకు నుంచి వచ్చిందా, నీళ్ల తొట్టి నుంచి వచ్చిందా, లేక పోయిన నెల క్లినిక్‌లో పక్క కుర్చీలో కూర్చుని దగ్గిన మరో పేషెంట్ నుంచి వచ్చిందా? మొదటి రెండూ దురదృష్టం. మూడోది ఆపగలిగిన ప్రమాదం. ఏది ఏదో తేలాలంటే బ్యాక్టీరియా పేరు దగ్గర ఆగకుండా దాని స్ట్రెయిన్ దాకా, అంటే ఆ జాతిలోని ఫలానా ఉపశాఖ దాకా, వెళ్లాలి.

ఈ జబ్బు మూలం ఏడో క్రోమోజోమ్ మీద ఉండే సీఎఫ్‌టీఆర్ జన్యువులో ఉంది. అది దెబ్బతింటే ఊపిరితిత్తుల్లో ఉప్పు, నీటి కదలిక తప్పి, కఫం చిక్కబడి బయటికి రాదు. ఆ చిక్కదనంలో బ్యాక్టీరియా పాతుకుపోయి ఏళ్ల తరబడి ఉంటుంది. ప్రతి పేషెంటూ తన సూడోమోనాస్‌ను తన పరిసరాల నుంచి విడిగా తెచ్చుకుంటాడని, ఒకరి నుంచి ఒకరికి సోకడం అరుదని చాలాకాలం నమ్మారు. డెన్మార్క్‌లో 1980లలోనే మందులకు లొంగని ఒక స్ట్రెయిన్ కోపెన్‌హేగన్ సెంటర్‌లో పేషెంట్ల మధ్య పాకింది. అయినా మిగతా దేశాలు దాన్ని స్థానిక సమస్యగానే చూశాయి. 1996లో లివర్‌పూల్ పిల్లల క్లినిక్ నుంచి వెలువడిన ఫలితాలు ఆ నమ్మకాన్ని కూల్చేశాయి. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని సూడోమోనాస్ చాలామంది పిల్లల్లో కనిపిస్తే, జన్యు టైపింగ్ (డీఎన్‌ఏను పోల్చి స్ట్రెయిన్‌ను గుర్తించే పరీక్ష) చేశారు. వాళ్లలో ఎక్కువమందిలో ఉన్నది ఒకే స్ట్రెయిన్ అని తేలింది. ఇప్పుడు దాన్ని లివర్‌పూల్ ఎపిడెమిక్ స్ట్రెయిన్, పొట్టిగా ఎల్‌ఈఎస్ అంటారు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మందుకు లొంగకపోవడం వల్లే అది కంటపడింది. మందుకు లొంగే స్ట్రెయిన్ అదే తీరులో పాకి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఎల్‌ఈఎస్‌లోనే సెఫ్టాజిడిమ్‌కు లొంగే ఐసోలేట్లు (పేషెంట్ శాంపిల్ నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) ఉన్నాయి. కాబట్టి మందుల పట్టిక చూసి అంటు స్ట్రెయిన్‌ను గుర్తించాలనుకోవడం తప్పుదారి. పట్టికలు ఒకేలా ఉన్న ఇద్దరిలో వేర్వేరు స్ట్రెయిన్లు ఉండొచ్చు, పట్టికలు వేరైన ఇద్దరిలో ఒకటే ఉండొచ్చు. అందరి ఐసోలేట్లనూ, ఏ అనుమానమూ లేకపోయినా, క్రమం తప్పకుండా టైపింగ్ చేయడం తప్ప దగ్గరి దారి లేదు.

తర్వాతి ఏళ్లలో ఇలాంటివి వరసగా బయటపడ్డాయి. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ స్ట్రెయిన్, మిడ్‌లాండ్స్-1, ఆస్ట్రేలియాలో ఆస్ట్-01, ఆస్ట్-02, కెనడాలో ప్రెయిరీ ఎపిడెమిక్ స్ట్రెయిన్. ఇంగ్లండ్, వేల్స్‌లోని 31 సెంటర్ల నుంచి తెచ్చిన 849 ఐసోలేట్లను పరీక్షించిన అధ్యయనం 2004లో వెలువడింది. అందులో ఎల్‌ఈఎస్ వాటా సుమారు 11 శాతం, మిడ్‌లాండ్స్-1 వాటా సుమారు 10 శాతం. మిగతా పేషెంట్లలో ఎక్కువమందికి ఎవరి స్ట్రెయిన్ వారిదే. పాత నమ్మకం పూర్తిగా తప్పేమీ కాదు, అందరికీ వర్తించదంతే.

ఇంతకీ స్ట్రెయిన్ ఏదైతే ఏమిటి అనే ప్రశ్నకు గట్టి జవాబు కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చింది. 2010లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో ఎల్‌ఈఎస్ ఉన్నవారిలో మూడేళ్లలో 18.6 శాతం మంది చనిపోయారు లేదా ఊపిరితిత్తుల మార్పిడి దాకా వెళ్లారు. వేరే స్ట్రెయిన్లు ఉన్నవారిలో అది 8.7 శాతం. ఇంకో చేదు నిజం కూడా ఉంది. అప్పటికే తన సొంత సూడోమోనాస్‌తో ఉన్న పేషెంట్‌కు ఎల్‌ఈఎస్ పైనుంచి వచ్చి చేరగలదు. ‘ఎలాగూ సూడోమోనాస్ ఉంది కదా, కొత్తగా పోయేదేముంది’ అనే ధీమాకు ఆధారం లేదు. పేషెంట్ల తల్లిదండ్రులకు, ఒక సందర్భంలో పెంపుడు పిల్లికి కూడా ఇది సోకినట్టు నమోదైంది.

కఫం దగ్గరే సగం పని

టైపింగ్ ఎంత గొప్పగా చేసినా, చేతికొచ్చిన శాంపిల్‌లో లేనిది అందులో కనిపించదు. మూడు నెలలకోసారైనా కల్చర్ చేయాలన్నది అమెరికా సీఎఫ్ సెంటర్ల నియమం. లోపలి నుంచి దగ్గి తీసిన కఫమే అన్నిటికన్నా మంచిది. కఫం ఉమ్మలేని పిల్లలకు గొంతు స్వాబ్ తీస్తారు గానీ, కింది ఊపిరితిత్తుల సంగతి అది నమ్మకంగా చెప్పదు. గాఢమైన ఉప్పునీటి ఆవిరి పట్టించి రప్పించిన కఫం దానికన్నా చాలా మేలు. అవసరమైతే బ్రాంకోస్కోపీతో (శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి) ఊపిరితిత్తిని కడిగి ఆ నీటిని తీస్తారు. శాంపిల్‌ను ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా ల్యాబ్‌కు చేర్చాలి. బయట గంటల తరబడి ఉంటే వేగంగా పెరిగే బ్యాక్టీరియా మిగతావాటిని కమ్మేస్తుంది.

ల్యాబ్‌లో కఫానికి సమాన పరిమాణంలో డైథియోథ్రైటాల్ ద్రావణం కలిపి, బాగా కుదిపి, పావుగంట ఉంచితే చిక్కదనం విరుగుతుంది. ఈ మెట్టు వదిలేసి కఫం ముద్దలో ఏదో ఒక మూల నుంచి లూప్‌తో తీస్తే, ఆ మూలలో ఉన్నదే ప్లేటు మీద పెరుగుతుంది. ఊపిరితిత్తిలో ఒక్కో భాగంలో ఒక్కో రకం కాపురం ఉంటుంది కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు. ఆ తర్వాత శాంపిల్‌ను పలుచన చేసి ఒకటి కాదు, చాలా రకాల అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) ప్లేట్ల మీద పోయాలి: బ్లడ్ అగార్, చాక్లెట్ అగార్, మెకాంకీ లేదా సెట్రిమైడ్ అగార్, స్టాఫిలోకోకస్ బ్యాక్టీరియా కోసం మానిటాల్ సాల్ట్ అగార్, వీటితోపాటు తప్పనిసరిగా బర్ఖోల్డేరియా సెపేసియా (సీఎఫ్‌లో ప్రమాదకరమైన మరో బ్యాక్టీరియా సమూహం) ప్రత్యేక అగార్. ఈ చివరిదాన్ని 5 రోజుల దాకా ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. రెండో రోజే తీసి పారేస్తే నిదానంగా పెరిగేవి తప్పిపోతాయి. మామూలు ప్లేటు మీద సూడోమోనాస్ జిగురు కింద సెపేసియా మునిగిపోతుంది.

ఏ కాలనీని తీస్తున్నాం?

ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా చుక్కల్లో (కాలనీల్లో) దేన్ని పరీక్షకు తీయాలి? అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఏళ్ల తరబడి ఒకే ఊపిరితిత్తిలో ఉన్న సూడోమోనాస్ రూపం మారిపోతుంది. కొన్ని కాలనీలు జిగటగా, నీళ్లోడుతూ పరుచుకుంటాయి. కొన్ని ఆవగింజంత ఉండిపోతాయి. కొన్నిటికి ఆకుపచ్చ రంగే ఉండదు, కొన్ని కదలవు, కొన్నిటి పై పూత పోవడంతో పాతకాలపు సీరమ్ టైపింగ్‌కు అందవు. ఒక్క స్ట్రెయినే ఇన్ని వేషాలు వేస్తుంది. వేర్వేరు స్ట్రెయిన్లు ఒకేలా కనబడటం కూడా మామూలే. ఎల్‌ఈఎస్ ఉన్న పేషెంట్ల ఒక్కో కఫం శాంపిల్ నుంచి 40 కాలనీల చొప్పున తీసి చూసినప్పుడు, ఒకే శాంపిల్‌లో మందులకు లొంగే తీరులోనూ, లక్షణాల్లోనూ తేడాలున్న అనేక ఉపరకాలు దొరికాయి.

రోజువారీ పనిలో ఏ ల్యాబూ 40 కాలనీలు తీయలేదు. అలాగని ఒక్కటే తీస్తే పైనుంచి కొత్తగా వచ్చి చేరిన స్ట్రెయిన్ తప్పిపోతుంది. మధ్యేమార్గంగా, ప్లేటు మీద కనిపించే ప్రతి రూపం నుంచి ఒక్కో కాలనీ తీసుకుని, దాన్ని మళ్లీ శుభ్రంగా వేరు చేసి, కొంత గ్లిసరాల్‌లో వేసి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచాలి. ఈ దాచడం ఖర్చు దండగ అనిపిస్తుంది గానీ, మూడేళ్ల తర్వాత క్లినిక్‌లో ముగ్గురికి ఒకే స్ట్రెయిన్ ఉందని తెలిసినప్పుడు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చెప్పగలిగేది ఆ ఫ్రీజర్ ఒక్కటే. కొత్తగా సూడోమోనాస్ వచ్చిన ప్రతివారికీ ఒకసారి, పాతవారికి ఏడాదికోసారి, క్లినిక్ లేదా ఊరు మారినప్పుడల్లా మరోసారి టైపింగ్ చేయడం సబబైన పద్ధతి.

పరీక్షలు, వాటి పరిమితులు

వేగంగా తేల్చేది పీసీఆర్, అంటే ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్క ఉంటే దాన్ని కోట్ల ప్రతులుగా పెంచి చూపే పరీక్ష. ఎల్‌ఈఎస్‌కు పీఎస్21, ఎఫ్9 అనే రెండు జన్యు ముక్కలు ఆనవాళ్లుగా వాడుకలో ఉన్నాయి. లివర్‌పూల్, మిడ్‌లాండ్స్-1, మాంచెస్టర్ మూడింటినీ ఒకే ట్యూబులో వేరుచేసే మల్టీప్లెక్స్ పీసీఆర్ 2008లో వచ్చింది. చవక, కొన్ని గంటల పని. కానీ ఇలాంటి ఆనవాళ్లు చాలావరకు జీనోమ్‌లో (బ్యాక్టీరియా మొత్తం డీఎన్‌ఏలో) కదిలే భాగాల మీద ఉంటాయి. అవి ఊడిపోతే అసలు స్ట్రెయిన్ ఉన్నా పరీక్ష ‘లేదు’ అంటుంది, వేరే స్ట్రెయిన్‌లోకి వెళ్తే ‘ఉంది’ అంటుంది. అందుకే ఒక్క ఆనవాలుతో నిర్ధారించకూడదు, రెండూ చూసి ఇంకో పద్ధతితో సరిచూసుకోవాలి. పీసీఆర్‌కు అంతకన్నా పెద్ద పరిమితి ఇంకోటి ఉంది. తెలిసిన స్ట్రెయిన్‌నే అది వెతుకుతుంది. మన క్లినిక్‌లో కొత్తగా పుట్టి పాకుతున్నదాన్ని అది ఎన్నటికీ చూపదు.

నేరుగా కఫం మీదే పీసీఆర్ చేస్తే కాలనీ ఎంపిక సమస్య తప్పుతుంది. బదులుగా మందుకు చచ్చిపోయిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా పాజిటివ్ ఇస్తుంది. కఫంలోని పదార్థాలు చర్యకు అడ్డుపడి నెగటివ్ కూడా రావచ్చు. ప్రతి ట్యూబులో అంతర్గత కంట్రోల్ (పరీక్ష సరిగా నడిచిందని చూపే తెలిసిన డీఎన్‌ఏ) లేకుండా ఆ నెగటివ్‌ను నమ్మకూడదు.

కొత్తవాటిని కూడా పట్టేది వీఎన్‌టీఆర్. జీనోమ్‌లో కొన్నిచోట్ల చిన్న ముక్కలు వరసగా పునరావృతమవుతుంటాయి. అలాంటి 9 చోట్ల ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, ఆ అంకెల వరసనే స్ట్రెయిన్ గుర్తుగా వాడతారు. బ్రిటన్ రిఫరెన్స్ ల్యాబ్ చాలాకాలం వాడిన పద్ధతి ఇదే. అంకెలు కాబట్టి ఏ ఊరి ల్యాబ్ అయినా పోల్చుకోవచ్చు. కొన్ని చోట్లు మిగతావాటికన్నా త్వరగా మారతాయి. అలాంటి ఒక్క చోట తేడా వచ్చిందని వేరే స్ట్రెయిన్ అనేస్తే అసలైన గొలుసు తెగిపోతుంది.

డీఎన్‌ఏను పెద్ద ముక్కలుగా కోసి జెల్‌లో పోల్చే పీఎఫ్‌జీఈ పాత పద్ధతే అయినా చాలాచోట్ల ఇంకా ఉంది. సూడోమోనాస్ డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాలు సుమారు 66 శాతం. ఎస్‌పీఈ-1 ఎంజైమ్ వెతికే వరసలో ఏ, టీలు ఎక్కువ కాబట్టి అది అరుదుగానే కోస్తుంది, కొన్ని పదుల పెద్ద ముక్కలు వస్తాయి. వాటిని సుమారు 20 గంటలు జెల్‌లో నడిపించి గీతల వరసను పోలుస్తారు. జిగట ఐసోలేట్లలో ఆల్జినేట్ అనే జిగురు పదార్థం వల్ల కణాలు సరిగా పగలవు, గీతలు అలుక్కుపోతాయి. కొన్ని స్ట్రెయిన్ల డీఎన్‌ఏ జెల్‌లోనే చిరిగిపోతుంది. బఫర్‌లో 50 మైక్రోమోలార్ థయోయూరియా కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. రెండు మూడు గీతల తేడా ఉంటే దగ్గరి బంధువులు, ఏడు లేదా అంతకన్నా ఎక్కువైతే వేర్వేరు అన్న 1995 నాటి కొలమానం కొద్ది నెలల్లో వచ్చిపోయే వ్యాప్తికి చేసినది. పదేళ్లుగా ఊపిరితిత్తిలో మారుతూ వస్తున్నదానికి దాన్ని యథాతథంగా వాడకూడదు. ఎంఎల్‌ఎస్‌టీలో ఏడు జన్యువుల వరస చదివి ఒక టైప్ సంఖ్య ఇస్తారు. ఎల్‌ఈఎస్ అయితే ఎస్‌టీ146. ప్రపంచవ్యాప్తంగా పోల్చుకోవడానికి మంచిదే గానీ, ఇద్దరి మధ్య ఇటీవల సోకిందా లేదా తేల్చేంత సూక్ష్మత దానికి లేదు.

ఆ సూక్ష్మత పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్‌తో వస్తుంది. సుమారు 63 నుంచి 66 లక్షల అక్షరాల జీనోమ్‌ను చదివి, ఒక్కో అక్షరం తేడాను లెక్కిస్తారు. పని నేర్పు లెక్కలో కన్నా ముందు జాగ్రత్తల్లో ఉంది. కదిలే ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) భాగాలను, బయటి నుంచి కలిసిన ముక్కలను పక్కన పెట్టకపోతే ఒక్క సంఘటన వందల తేడాలుగా లెక్కలోకి వస్తుంది. పోల్చడానికి దూరపు స్ట్రెయిన్‌ను ఆధారంగా తీసుకుంటే, అందులో లేని భాగాల్లోని తేడాలన్నీ కనబడకుండా పోతాయి. ఎల్‌ఈఎస్‌కు 2009లో ప్రచురితమైన ఎల్‌ఈఎస్‌బీ58 జీనోమ్ సరైన ఆధారం. మట్-ఎస్ లాంటి, డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే మరమ్మతు జన్యువు చెడిపోయిన ఐసోలేట్లలో మార్పులు ఎన్నో రెట్లు వేగంగా పోగవుతాయి. నిజంగా ఒకరి నుంచి ఒకరికి వచ్చినవే అయినా తేడాల సంఖ్య చూసి ‘సంబంధం లేదు’ అనిపిస్తుంది. కాబట్టి ముందు మరమ్మతు జన్యువులు బాగున్నాయా అని చూసి, ఆ తర్వాతే సంఖ్యకు అర్థం చెప్పాలి.

ఇంకో ఉచ్చు క్లోన్ సి అనే సూడోమోనాస్ రకం. ఇద్దరు పేషెంట్లలో అదే కనిపిస్తే ఒకరి నుంచి ఒకరికి సోకిందని తొందరపడతారు. అది నీళ్లలో, పరిసరాల్లో ప్రపంచమంతా విస్తారంగా ఉన్న రకం. ఇద్దరూ విడివిడిగా తెచ్చుకుని ఉండొచ్చు. ఆ ఇద్దరూ ఒకే రోజు, ఒకే గదికి వచ్చారా, ఒకే వార్డులో ఉన్నారా అనే హాజరు వివరాలు జన్యు ఫలితం పక్కన పెట్టకుండా తీర్పు చెప్పకూడదు.

బర్ఖోల్డేరియా, అబ్సెసస్

సెపేసియా సమూహంలో 20కి పైగా జాతులున్నాయి. వాటిలో బర్ఖోల్డేరియా సెనోసెపేసియాకు చెందిన ఈటీ12 స్ట్రెయిన్ కెనడా, బ్రిటన్‌ల మధ్య పాకింది. సీఎఫ్ పిల్లల వేసవి క్యాంపులు, స్నేహాలే దానికి దారి అని తేలాక ఆ క్యాంపులను ఆపేశారు. పిల్లలకు తమలాంటివారితో గడిపే అవకాశం పోవడం చిన్న నష్టం కాదు. కానీ ఈ బ్యాక్టీరియా కొందరిలో రక్తంలోకి పాకి కొద్ది వారాల్లో ప్రాణం తీస్తుంది. చాలా సెంటర్లు సెనోసెపేసియా ఉంటే ఊపిరితిత్తుల మార్పిడికి ఒప్పుకోవు. అందుకే పొరపాటు గుర్తింపు రెండు వైపులా నష్టమే. బయోకెమికల్ కిట్లు రాల్‌స్టోనియా, పాండొరేయా, అక్రోమోబాక్టర్‌లను సెపేసియా అని, సెపేసియాను ఇంకేదో అని చెప్పిన సందర్భాలు కొల్లలు. మాల్డి-టాఫ్ (బ్యాక్టీరియా ప్రోటీన్ల బరువులను బట్టి గుర్తించే యంత్రం) సమూహాన్ని బాగానే పడుతుంది, లోపలి జాతిని ఎప్పుడూ నమ్మకంగా చెప్పలేదు, స్ట్రెయిన్‌ను అసలు చెప్పదు. రెక్-ఏ జన్యువు సీక్వెన్స్‌తో జాతి తేల్చాలి. ఆ తర్వాతే టైపింగ్. ఒకే స్ట్రెయిన్ పలువురిలో కనిపిస్తే మనుషులనే కాదు, వాడే వస్తువులనూ అనుమానించాలి. కలుషితమైన మౌత్‌వాష్ ద్వారా ఈ సమూహం ఆస్పత్రుల్లో పాకిన చరిత్ర ఉంది.

టీబీ బ్యాక్టీరియాకు బంధువైన మైకోబాక్టీరియం అబ్సెసస్ విషయంలో కల్చరే కష్టం. సూడోమోనాస్‌ను చంపకపోతే ప్లేటు నిండిపోతుంది, చంపడానికి సోడియం హైడ్రాక్సైడ్, 5 శాతం ఆక్సాలిక్ ఆమ్లం వాడితే మైకోబాక్టీరియా కూడా కొంత చస్తుంది. ప్రత్యేకమైన ఆర్‌జీఎమ్ మీడియం మీద 30 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు ఉంచితే ఆ రసాయన ప్రక్రియ లేకుండానే పని జరుగుతుంది. 2013లో ఇంగ్లండ్ పాప్‌వర్త్ ఆస్పత్రి పేషెంట్ల ఐసోలేట్లను సీక్వెన్స్ చేస్తే, కొందరి మధ్య తేడా 10 అక్షరాల లోపే ఉంది. 2016లో ఖండాలు దాటి పాకిన క్లోన్లు (ఒకే మూలం నుంచి వచ్చిన గుంపులు) బయటపడ్డాయి. 20 కంటే తక్కువ తేడా ఉంటే ఇటీవలి సంక్రమణ కావచ్చంటారు. ఈ క్లోన్లు నిదానంగా మారతాయి కాబట్టి, ఎన్నడూ కలవని ఇద్దరి మధ్య కూడా అంత దగ్గరితనం రావచ్చు. ఇక్కడా హాజరు పుస్తకం చూడాల్సిందే.

మన ప్రాంతంలో ఒక ప్రత్యేక జాగ్రత్త

భారత్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ గుర్తింపు తక్కువ. చెమట క్లోరైడ్ పరీక్ష (లీటరుకు 60 మిల్లీమోల్ దాటితే ఈ జబ్బును సూచిస్తుంది) చేసే చోట్లు కొన్నే, అందువల్ల చాలామంది టీబీ, ఆస్తమా చికిత్సల్లోనే ఉండిపోతారు. సెపేసియా ప్రత్యేక అగార్ లేని ల్యాబ్‌లలో ఇవన్నీ ‘నాన్-ఫెర్మెంటర్’ అనే ఒక్క మాట కింద పోతాయి. తెలుగు రాష్ట్రాలకు ఇంకో చిక్కుంది. మెలియోయిడోసిస్ అనే ప్రాణాంతకమైన అంటువ్యాధిని తెచ్చే బర్ఖోల్డేరియా సూడోమాలై ఇక్కడి మట్టిలో, నీళ్లలో ఉంది, వానాకాలంలో ఎక్కువ. అది సెపేసియా అగార్ మీద కూడా పెరుగుతుంది, సూడోమోనాస్ అని పొరబడటమూ పరిపాటే. జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగక, కో-అమాక్సిక్లావ్‌కు లొంగితే వెంటనే దాన్ని అనుమానించి, బయోసేఫ్టీ క్యాబినెట్‌లోకి మార్చి, లేటెక్స్ పరీక్షతో చూడాలి. బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికాల్లో సీఎఫ్ క్లినిక్‌కు వెళ్లే పిల్లలున్న తెలుగు కుటుంబాలు సెలవులకు ఊరికి వచ్చి వెళ్తే, ఆ ప్రయాణం సంగతి క్లినిక్‌కు చెప్పడం అవసరం. చెప్పకపోతే అక్కడి ల్యాబ్‌కు ఆ అనుమానమే రాదు.

ఫలితం వచ్చాక

టైపింగ్ ఫలితం ఫైల్లో పడుంటే ప్రయోజనం లేదు. అంటు స్ట్రెయిన్ అని తేలిన రోజే క్లినిక్‌కు ఫోన్ వెళ్లాలి. దగ్గుతో వెలువడిన తుంపరల్లో సూడోమోనాస్ 4 మీటర్ల దూరం దాకా, 45 నిమిషాల దాకా బతికి ఉండగలదని ఆస్ట్రేలియా ప్రయోగాల్లో తేలింది. అందువల్ల రెండు మీటర్ల ఎడం కనీస హద్దు మాత్రమే. పేషెంట్‌కు మాస్కు, వెయిటింగ్ హాల్ లేకుండా నేరుగా గదిలోకి పిలవడం, స్పైరోమీటర్‌కు (ఊపిరి సామర్థ్యం కొలిచే పరికరానికి) ప్రతిసారీ కొత్త ఫిల్టర్, ఇద్దరి మధ్య గది ఖాళీగా ఉంచడం ముఖ్యం. గంటకు 6 సార్లు గాలి మారే గదిలో గాలిలోని కణాల్లో 99 శాతం పోవడానికి సుమారు 46 నిమిషాలు పడుతుంది, 12 సార్లు మారితే సుమారు 23 నిమిషాలు. అపాయింట్‌మెంట్ల మధ్య ఎంత ఎడం ఉండాలో ఈ లెక్కనుంచే వస్తుంది. ఒకే స్ట్రెయిన్ ఉన్నవారిని ఒకే రోజు కలిపి పిలవడం పాత పద్ధతి. వాళ్లలోనూ ఒక్కొక్కరి ఉపరకం వేరు, మందులకు లొంగే తీరు వేరు కాబట్టి, ఎవరినీ ఎవరితోనూ కలపకపోవడమే మేలని ఇప్పుడు చాలా సెంటర్లు నడుచుకుంటున్నాయి.

2019 నుంచి వాడుకలోకి వచ్చిన ట్రిపుల్ మాడ్యులేటర్ మందులతో (సీఎఫ్‌టీఆర్ లోపాన్నే సరిచేసే మూడు మందుల కలయికతో) చాలామందికి కఫమే రావడం తగ్గింది. ఇది గొప్ప ఊరట. అయితే కఫం ఆగినా బ్యాక్టీరియా చాలామందిలో పోదు. గొంతు స్వాబ్‌లో ఏమీ పెరగలేదంటే లోపల లేదని కాదు. రిపోర్టు మీద శాంపిల్ ఏ రకమో రాయాలి. గతంలో అంటు స్ట్రెయిన్ ఉందని తేలినవారి స్వాబ్ ఖాళీగా వచ్చినా, ఉప్పునీటి ఆవిరితో రప్పించిన కఫాల్లో వరసగా నెగటివ్ వచ్చేదాకా ‘స్ట్రెయిన్ లేదు’ అనే ముద్ర వేయకూడదు.